తిలాపాపం తలా పిడికెడు

ఈ పత్రికలో లోగడ మేము వ్రాసిన వ్యాసాలన్నీ పంపులను గూర్చి, వాల్వులను గూర్చి, బేరింగుల కంపనాలను గూర్చి. ఈ మారు సంపాదకవర్గం వారు "యంత్రాలను కొంత సేపు పక్కన పెట్టి ఇంటి సంగతులేవైనా వ్రాయండి" అని కోరారు. వారి మాట సగమే మన్నించగలిగాము. మేము వ్రాయబోయేది ఒక పాత కారును గూర్చి. అదీ యంత్రమే. కాని ఇందులో చెడినది యంత్రం కాదు, దాని యజమాని.

2021లో మాకు విశాఖపట్నం నుండి ఢిల్లీకి బదిలీ అయింది. ఢిల్లీలో అద్దెలు విని బెదిరి, చాలా మంది సహోద్యోగుల వలెనే మేమూ యమున దాటి ఇందిరాపురం చేరాము. ఈ ఊరి నైసర్గిక స్వరూపం కొంత చెప్పనిదే కథ నడవదు. ఇందిరాపురం ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలోనిది. హిందన్ నదికి ఢిల్లీ వైపున ఉన్నది. దీనిని తీర్చిదిద్దినది గాజియాబాద్ అభివృద్ధి ప్రాధికార సంస్థ. పక్కనే ఉన్న వసుంధరను నిర్మించినది ఉత్తరప్రదేశ్ ఆవాస వికాస పరిషత్తు. ఒకప్పుడు 24వ నంబరుగా పిలిచి, నేడు 9వ నంబరుగా పిలుస్తున్న జాతీయ రహదారిని దాటితే నోయిడా 62వ సెక్టారు. అక్కడ జిల్లా వేరు, పాలించే సంస్థ వేరు. పడమరకు పోతే ఢిల్లీ. ఉదయం పాల ప్యాకెట్టు కోసం బయలుదేరిన మనిషి కొంచెం పరధ్యానంగా నడిస్తే మరొక ప్రభుత్వపు హద్దులో తేలవచ్చు. రోడ్డు మీద గుంట కనిపిస్తే అది ఎవరి గుంటో తేల్చుకోవడానికే ఒక పూట పడుతుంది.

ఇక్కడి వీధుల సముదాయాలను ఖండాలు అంటారు. పేర్లు వింటే ఏదో ధర్మశాస్త్రపు విషయసూచిక చదువుతున్నట్టు ఉంటుంది. అహింసా ఖండ్, న్యాయ ఖండ్, నీతి ఖండ్, జ్ఞాన ఖండ్, శక్తి ఖండ్, వైభవ ఖండ్, అభయ ఖండ్. మేము దిగినది న్యాయ ఖండ్. న్యాయ ఖండ్‌లో కాపురముండి రెండేళ్ల పాటు అన్యాయంగా కారు నిలిపిన ఘనత మాది. ఈ వ్యాసం ఆ ఒప్పుకోలు.

కారు 2015లో విశాఖలో కొన్నది. ఏపీ 31 నంబరు. బదిలీ సామానుతో పాటు లారీలో వచ్చింది. మా ఫ్లాటుకు నేలమాళిగలో ఒకే ఒక పార్కింగు స్థలం. 2022లో మా అబ్బాయికి నోయిడాలో ఉద్యోగం రావడంతో వాడొక కొత్త కారు కొన్నాడు. కొత్త కోడలికి నడి ఇల్లు, పాత అత్తకు వసారా అన్నట్టు, కొత్త కారు నేలమాళిగలోకి, పాత కారు వీధిలోకి చేరాయి. వీధి మలుపులో, వేపచెట్టు నీడన, చక్కని చోటు దొరికింది. అది చక్కని చోటు ఎలా అయిందో, ఇతరులెవ్వరూ అక్కడ ఎందుకు నిలపడం లేదో ఆలోచించవలసింది. ఆలోచించలేదు.

పాత కారును అమ్మివేయవచ్చును కదా అని మీరు అడుగుతారు. మా శ్రీమతి కూడా నెలకొకసారి అడిగేది. అమ్మాలంటే కాగితాలు సరిగా ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త రాష్ట్రంలో కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు ముందుగా పాత రాష్ట్రం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. "వచ్చే సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు చూద్దాం" అన్నాము. సెలవులు వచ్చాయి, పోయాయి. బండికి రెండు నెలలుగా తాళం చెవి తిప్పలేదు. దుమ్ము మీద పిల్లలెవరో వేలితో పువ్వు గీశారు. మేము చూసి నవ్వుకున్నాము.

2024 జనవరి. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైంది. ఉత్తరాది చలి సంగతి ఇక్కడ పని చేసిన వారికి తెలుసు; ఆ రాత్రి పొగమంచు వల్ల బాల్కనీలో నిలబడితే ఎదుటి భవనం కనిపించలేదు. రాత్రి రెండు గంటలు దాటాక అమ్మ గదిలో చెంబు పడిన చప్పుడైంది. అమ్మకు అప్పటికి ఎనభై ఒక ఏళ్లు. వెళ్లి చూస్తే మంచం అంచున కూర్చుని ఉన్నది. నోరు ఒక పక్కకు తిరిగింది. ఎడమ చేయి ఎత్తమంటే ఎత్తలేకపోయింది. మాట ముద్దగా వస్తున్నది. ప్లాంటులో నేర్పిన ప్రథమ చికిత్స పాఠం ఆనాటికి పనికి వచ్చింది. అది పక్షవాతమని మాకు తెలిసిపోయింది. అంబులెన్సుకు ఫోను చేశాము.

అంబులెన్సు వచ్చింది, త్వరగానే వచ్చింది. వీధి మలుపు వరకు వచ్చి ఆగిపోయింది. పై నుండి ఎర్రదీపం మంచులో తిరగడం కనిపిస్తున్నది గాని ముందుకు రావడం లేదు. మేమూ, మా అబ్బాయీ కిందికి పరుగెత్తాము. డ్రైవరు అప్పటికి రెండు సార్లు వెనక్కు తీసి తిప్పి చూశాడు. వెనుక చక్రం కాలిబాట రాయిని రాసుకుంటున్నది, ముందు బంపరు ఒక కారును తాకబోతున్నది. అతడు కిటికీలో నుండి తల బయట పెట్టి, "యే ఆంధ్రావాలీ గాడీ కిస్‌కీ హై?" అని అరిచాడు.

ఆంధ్రా బండి ఎవరిదని అతడు అడిగిన ప్రశ్నకు ఆ వీధిలో ఒక్క కుటుంబమే జవాబు చెప్పగలదు.

తాళం చెవి కోసం అబ్బాయి మళ్లీ పైకి పరుగెత్తాడు. తెచ్చాడు. బ్యాటరీ చచ్చిపోయింది. ఇంజను కదలలేదు. హ్యాండు బ్రేకు దింపి, న్యూట్రల్‌లో పెట్టి, మేమిద్దరం, కాపలాదారూ కలిసి తోశాము. గాలి తగ్గిన టైర్లు. ముందున్న కారుకు, మా కారుకు నడుమ జానెడు చోటు. తోసినా పోవడానికి చోటేదీ? చివరకు అంబులెన్సు సిబ్బంది "వదిలేయండి సార్" అని చెప్పి స్ట్రెచరు దించుకుని నడిచారు. అక్కడి నుండి మా భవనం సుమారు 240 మీటర్లు. కాపలాదారు టార్చి పట్టాడు. అమ్మను దుప్పటిలో చుట్టి, ఆ మంచులో, రెండు వరుసల కార్ల నడుమ నుండి మోసుకుని వచ్చారు. మలుపులో మా కారు పక్క నుండి స్ట్రెచరు పోతున్నప్పుడు అమ్మ కళ్లు తెరిచే ఉన్నది. ముద్దమాటతో, "మన బండేరా ఇది" అన్నది.

ఫోనులో నమోదైన సమయాలు తరువాత సరిచూసుకున్నాము. మలుపులో పోయినది పదకొండు నిమిషాలు.

రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపల పడాలంటారు. అమ్మకు ఆ లోపలే పడింది, బ్రతికింది, మాట తిరిగి వచ్చింది. ఎడమ చేతి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. ఆ పదకొండు నిమిషాల వల్లనేనా అని వైద్యుణ్ణి అడిగాము. ఆయన ఔననలేదు, కాదనీ అనలేదు. పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికా వైద్యుడు లెక్క కట్టారు. మేము ఇంజనీర్లము, గుణించకుండా ఉండలేకపోయాము. రెండు కోట్ల తొమ్మిది లక్షలు వచ్చింది. అంతకన్న ఆ లెక్కను గూర్చి చెప్పదలచుకోలేదు.

అమ్మ ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారం టేపు తీసుకుని వీధిలోకి దిగాము. వాహనాలు నడిచే భాగం వెడల్పు ఏడు మీటర్లు. రెండు వరుసల రాకపోకలకు అది సరిపోయే కొలతే. వేసిన వారి లోపం లేదు. ఇరువైపులా నిలిపిన కార్లు, అంచు నుండి విడిచిన ఖాళీతో కలిపి, ఒక్కొక్క పక్కన రెండేసి మీటర్లు తిన్నాయి. నడుమ మిగిలినది మూడు మీటర్లు. అంబులెన్సు రెండు మీటర్లకు పైచిలుకు. సూటిగా పోవడానికి మూడు మీటర్లు చాలు. కాని బండి మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు. లోపలి వైపుకు కోసుకుని వస్తాయి. బండి ఎంత పొడవైతే అంత ఎక్కువ చోటు కావాలి. ఆ కావలసిన చోటులోనే, వేపచెట్టు నీడన, మా కారు ఉన్నది. మలుపుల వద్ద, కూడళ్ల వద్ద వాహనం నిలపరాదని 1989 నాటి రోడ్డు నియమాలలో ఉన్నది. వాటి స్థానంలో వచ్చిన 2017 నియమాలలోనూ ఉన్నది. డ్రైవింగు లైసెన్సు పరీక్షలో ఈ ప్రశ్నకు మేము సరియైన జవాబే వ్రాసి ఉంటాము.

2019 సవరణలో చట్టానికి 194-ఇ సెక్షను చేరింది. అంబులెన్సు వంటి అత్యవసర వాహనానికి దారి ఇవ్వని డ్రైవరుకు ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. హారను విని పక్కకు తొలగని మనిషిని గూర్చిన శిక్ష అది. మనిషే లేని కారు ఏమి వింటుంది, ఎక్కడికి తొలగుతుంది? నడిచే బండి చేసే అడ్డు క్షణికం. నిలిచిన బండి చేసే అడ్డు రేయింబవళ్లు ఉంటుంది. పైగా దానికి కోపగించుకోవడానికి ముఖమైనా ఉండదు.

ఆ రాత్రి మా వీధిలో నిలిచిన కార్లలో ప్రతి ఒక్కటీ రెండు మీటర్లు తిన్నదే. ఒక్క మాదే కాదు. తిలాపాపం తలా పిడికెడు అని పెద్దలన్న సామెత ఊరికే పుట్టలేదు. కాని పిడికెళ్లన్నీ సమానం కావు. మలుపులో పడిన పిడికెడు మాది.

కారుకు మనం ఇస్తున్న చోటెంతో ఎప్పుడైనా లెక్క చూశారా? ఢిల్లీ 2021 మాస్టర్ ప్లాను కొలతలలో, తిరిగే దారితో కలిపి ఒక కారుకు ఆరుబయట 23 చదరపు మీటర్లు, నేలమాళిగలో 32 చదరపు మీటర్లు. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకంలో పేదవాని ఇంటికి నిర్ణయించిన కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. జపాన్‌లో 1962లోనే ఒక చట్టం చేశారు. ఇంటికి చేరువలో నిలుపుకునే చోటు ఉన్నదని పోలీసుల నుండి ధ్రువపత్రం తెచ్చుకుంటేనే అక్కడ కారు నమోదవుతుంది. ముందు కొట్టం, తరువాత ఎద్దు. మనం ఎద్దును కొని కొట్టం కోసం వీధిని చూస్తున్నాము.

ఇక కాగితాల సంగతి. బదిలీల మీద తిరిగే మన ఉద్యోగులకు ఉపయోగపడుతుందని కొంచెం వివరంగా వ్రాస్తున్నాము. రెండేళ్లు మేము భయపడిన నిరభ్యంతర పత్రం కోసం ఇంట్లో కూర్చునే కంప్యూటరు ద్వారా దరఖాస్తు పెట్టవచ్చు. 28వ నంబరు ఫారం. బండి మీద చలానులు, పన్ను బకాయిలు, బ్యాంకు అప్పు ఉండరాదు. 48వ సెక్షను ప్రకారం ముప్పై రోజుల లోపల నమోదు అధికారి నిరాకరణ తెలుపకపోతే పత్రం మంజూరైనట్టే భావించాలి. కొత్త రాష్ట్రంలో పన్ను కట్టి నంబరు తీసుకున్నాక, పాత రాష్ట్రంలో కట్టిన జీవితకాలపు పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి కోరవచ్చు. ఢిల్లీ ప్రాంతానికి బండి తెచ్చేవారు వయసు కూడా చూసుకోవాలి. పదేళ్లు దాటిన డీజిలు బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఇక్కడ తిరగరాదని సుప్రీంకోర్టు 2018లో ఉత్తర్వు ఇచ్చింది. 2025లో ఆ విషయం మరల కోర్టు ముందుకు వచ్చింది. కనుక బండి తెచ్చే ముందు తాజా ఉత్తర్వు చూసుకోవడం మేలు.

అంతకన్న సులువైన దారి మరొకటి 2021 సెప్టెంబరు నుండి ఉన్నది. అదే 'బీహెచ్' అనే భారత్ శ్రేణి నంబరు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగులకు, సైనికులకు, ప్రభుత్వ రంగ సంస్థల వారికి, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలున్న ప్రయివేటు కంపెనీల వారికి అది లభిస్తుంది. మనకు సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డు చాలు. పన్ను రెండేసి సంవత్సరాలకు కట్టుకోవాలి. రాష్ట్రం మారినప్పుడు నంబరు మార్చనక్కర లేదు. పాత బండ్లను కూడా ఆ శ్రేణికి మార్చుకునే వీలు 2022 డిసెంబరులో కల్పించారు. ఆ సంగతి తెలిసేటప్పటికి మేము అమ్మడానికే నిశ్చయించుకున్నాము. మొత్తం పనికి పట్టినది కొన్ని వారాలు. వాయిదా వేసినది రెండేళ్లు.

కారు వెళ్లిపోయింది. మలుపు ఖాళీ అయింది. మూడవ నాటి ఉదయం చూస్తే ఆ చోట మరొక కారు! చక్కని నీడ, చక్కని చోటు. ఆ పెద్దమనిషి మీద మాకు కోపం రాలేదు. అద్దంలో చూసుకున్నట్టు అయింది. అతనింటికి వెళ్లి, ఉపదేశం చేయకుండా, ఆ రాత్రి జరిగినది జరిగినట్టు చెప్పాము. ఆయన మారు మాట లేకుండా చెప్పులు వేసుకుని వచ్చి కారు తీశారు. ఆ మీదట ఇద్దరమూ కలిసి ఇల్లిల్లూ తిరిగాము.

మలుపులో గీతలు వేయించడానికి పెట్టిన మొదటి దరఖాస్తు తప్పు చోటికి పోయింది. విచారించకుండా పంపిన తప్పు మాదే. ఇందిరాపురం రోడ్లు, కాలువలు, పార్కుల నిర్వహణను అభివృద్ధి ప్రాధికార సంస్థ నుండి నగర నిగమ్‌కు అప్పగించే విషయం ఏళ్ల తరబడి నలిగి 2024లో కొలిక్కి వచ్చింది. ప్లాంటులో పని చేసిన వారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. నిర్మాణ విభాగం నుండి ఆపరేషన్ విభాగం కొత్త యూనిట్‌ను స్వీకరించేటప్పుడు మిగిలిపోయిన పనుల జాబితా మీద ఎన్ని సమావేశాలు జరుగుతాయో మనకు తెలియనిదా! ఆ జాబితా తేలేవరకు కారే వాల్వు కారుతూనే ఉంటుంది. ఏ పని ఎవరిదో తెలియనప్పుడు సమాచార హక్కు చట్టం ఆదుకుంటుంది. పది రూపాయల రుసుముతో అడిగితే ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. విషయం తమది కాకపోతే, 6(3) సెక్షను ప్రకారం ఐదు రోజులలో సంబంధిత కార్యాలయానికి వారే బదిలీ చేయాలి. పౌరుడు తిరగనక్కర లేదు, కాగితమే తిరుగుతుంది.

కాగితం తిరుగుతున్నంత కాలం మేము చేతులు కట్టుకుని కూర్చోలేదు. వీధిలో వారందరమూ ఒక కట్టుబాటు చేసుకున్నాము. మలుపుకు ఇరువైపులా పది మీటర్లు ఎవరూ నిలపరాదు. మిగిలిన వీధిలో ఒకే పక్కన నిలపాలి. కదలని కార్లను యజమానులు నెల లోపల తీసివేయాలి. రాత్రి కాపలాదారు వద్ద ఒక పుస్తకంలో ఏ కారు ఎవరిదో, ఫోను నంబరేదో వ్రాసి ఉంచాలి. ఈ చివరి సంగతి అతి స్వల్పం. కాని ఆ రాత్రి అది ఉంటే ఇంకొకరి కారునైనా ముందుకు జరిపించి ఉందుము. ఒకే పక్కన నిలిపితే సగం కార్లకు చోటు లేదని గొడవ జరిగింది. కొందరు రోడ్డు దాటి అద్దెకు చోటు తీసుకున్నారు. ఇద్దరు ముగ్గురు రెండవ కారును అమ్మారు. మెట్రో అటు వైశాలికి 2011 నుండి, ఇటు నోయిడా ఎలక్ట్రానిక్ సిటీకి 2019 నుండి ఉండనే ఉన్నది. కొందరు ఇప్పటికీ మాతో మాట్లాడడం లేదు. తరువాత కొన్ని నెలలకు పసుపు గీతలు కూడా పడ్డాయి. గీతలు చెరిగిపోతాయి, కట్టుబాటు చెరగకుండా చూసుకోవలసినది మనమే.

మన టౌన్‌షిప్‌లో రోడ్లు విశాలమైనవి, కార్లు తక్కువ అని ఒకప్పుడు గర్వపడేవారము. నేడు క్వార్టర్ల ముందు రాత్రి తొమ్మిది గంటలకు ఒకసారి నడిచి చూడండి. మీ వీధి మలుపులో ఫైరింజను తిరుగుతుందా? టేపు పెట్టి కొలవండి. కొలవడం మన వృత్తి.

మా నాన్నగారు రైతు. సాయంత్రం పొలం నుండి వచ్చి ఎడ్ల బండి విప్పినప్పుడు, ఎంత అలసిపోయినా, బండిని వెనక్కు నెట్టి నొగలు మా వాకిలి వైపుకు తిప్పి ఉంచేవారు. నొగలు వీధిలోకి పొడుచుకుని ఉంటే చీకట్లో ఎవరికైనా తగులుతాయని ఆయన భయం. ఏ చట్టం చదవలేదు, ఏ జరిమానా ఎరుగరు. మేము ఆ ఇంటి పిల్లలమే. పట్టణం వచ్చి, డిగ్రీ సంపాదించి, నొగలు వీధిలో వదిలేశాము.

అమ్మ ఇప్పుడు కుడి చేత్తోనే అన్ని పనులూ చేసుకుంటున్నది. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుంటుంది. అక్కడి నుండి మలుపు కనిపిస్తుంది. రాత్రి అబ్బాయి కారు నిలిపి పైకి రాగానే ఒకే ప్రశ్న అడుగుతుంది.

"నొగలు లోపలికి తిప్పేవా, నాయనా?"

"తిప్పాను, నాయనమ్మా" అని వాడు చెప్పిన తరువాతనే భోజనానికి లేస్తుంది.